ఫ్యాను వేయని గది

టంకం అక్క గదిలో ఫ్యాను ఉంది. చెడిపోయిందేమో అనుకోకండి. దాని మోటారు చుట్టింది నేనే, స్విచ్చి నొక్కితే చాలు తిరుగుతుంది. అయినా ఇరవై ఏడేళ్ళలో ఆమె బల్ల ముందు కూర్చుని ఉండగా అది తిరగడం నేను చూడలేదు. స్విచ్చి మీద ఒక అట్టముక్క అంటించి, "ముట్టుకుంటే చెయ్యి విరుగుతుంది" అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టింది.

దానికో కారణం ఉంది. కరిగిన టంకం చుక్క గట్టిపడే ఆ ఒకటి రెండు క్షణాల్లో చల్లగాలి తగిలితే అతుకు పైకి కుదిరినట్టే కనిపిస్తుంది గానీ లోపల పట్టదు. అలా అతికిన రేడియో సెట్టు ఇంటికి వెళ్ళి నాలుగు రోజులు పలికి, అయిదో రోజు మూగబోతుంది. అక్క చేతి మీదుగా వెళ్ళిన సెట్టు అలా వెనక్కి వచ్చిందన్న మాట మా వీధిలో ఎవరూ అనలేదు. అందుకని ఫ్యాను ఆపేది, ఉన్న ఒక్క కిటికీకి చచ్చిన రేడియోల అర అడ్డం పెట్టింది, ముఖాన్ని బోర్డు మీదికి జానెడు దూరం వరకు దించి పని చేసేది. టంకం కరిగించే ఐరన్ మొన, అతుకు పట్టడానికి రాసే పేస్టుకి తగలగానే సన్నటి తెల్ల పొగ లేచి నేరుగా ఆమె ముఖంలోకి వెళ్ళేది. ఆ పేస్టు చెట్టు బంకతో తయారవుతుంది. వాసన బాగుంటుంది. ఆ గదిలోకి వెళ్ళిన ఎవరికైనా మొదట తగిలేది ఆ వాసనే.

ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. పెళ్ళైన కొత్తలో ఇంట్లో మూగబోయిన రేడియోని విప్పి, తీగ ఎక్కడ ఊడిందో వెతుక్కుంటూ మూడు వారాలు కూర్చుందట. నాలుగో వారం అది పలికింది. అక్కడ మొదలై టీవీలు, ఛార్జర్లు, చివరికి ముసలివాళ్ళ చెవి యంత్రాల దాకా వచ్చింది. గోరంత బోర్డు మీద వెంట్రుకంత తీగ అతకడం మా ఊళ్ళో ఆమెకే వచ్చు. మీటరు తీయకముందే వంగి వాసన చూసేది. కాలిన వార్నిష్ ఒక వాసన, ఉబ్బిన కండెన్సర్ ఒక వాసన.

"ముక్కుకి కళ్ళజోడు అక్కర్లేదురా వైండింగూ" అనేది నాతో. పక్క గదిలో మోటార్లు చుట్టేవాణ్ణి గనుక నా పేరు ఆమెకు అదే. ఆమెను నేను అక్కా అని, ఆమె భర్తను బావా అని పిలిచేవాణ్ణి. బావ బస్సు డ్రైవరు. కింద కొట్టు, పైన కాపురం, మధ్యలో పద్దెనిమిది మెట్లు.

ఎనిమిదేళ్ళ కిందట అక్కకు దగ్గు పట్టుకుంది. మొదట జలుబన్నారు. తర్వాత దుమ్ము పడలేదన్నారు. సాయంత్రమయ్యేసరికి ఛాతీ బిగిసిపోయి, మాట మధ్యలో ఆగి గాలి తీసుకునేది. ఎవరో డాక్టరు పీల్చే పంపు ఒకటి రాసిచ్చాడు. పీల్చినప్పుడు తెరిపి, మళ్ళీ మామూలే. రెండేళ్ళు అలా లాక్కొచ్చాక, ఊపిరి పరీక్ష చేయిద్దామని బావా నేనూ ఆమెను ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళాం.

అక్కకో పద్ధతి ఉండేది. రిపేరుకి ఇచ్చే వస్తువుని శుభ్రంగా తుడిచి ఇవ్వాలి, విప్పేవాడు మొహం చిట్లించుకోకూడదు. దుమ్ము కొట్టుకుపోయిన సెట్టు తెచ్చినవాళ్ళకి గుడ్డ ఇచ్చి బయటే తుడిపించేది. అదే పద్ధతి తన ఒంటికీ వాడింది. ఆ పొద్దున ఇంట్లో రెండుసార్లు, ఆస్పత్రి గేటు దగ్గర ఇంకో రెండుసార్లు పంపు పీల్చింది. దగ్గుతూ యంత్రంలోకి ఊదితే వాళ్ళకి అంకెలు సరిగా రావని ఆమె భయం. ఆ మాట అక్కడ ఎవరూ ఆమెను అడగలేదు, ఆమె చెప్పలేదు. నేను పక్కనే ఉన్నాను, నాకూ తట్టలేదు.

గొట్టంలోకి మూడుసార్లు ఊదించారు. మందు పీల్పించి, పావుగంట కూర్చోబెట్టి మళ్ళీ ఊదించారు. డాక్టరు కాగితం చూసి కళ్ళజోడు తీశాడు.

"ఆస్తమా అయితే మందు పీల్చాక లోపలి గాలిగొట్టాలు విచ్చుకుని అంకె పైకి లేవాలమ్మా. మీకు లేవలేదు. అప్పుడెంతో ఇప్పుడూ అంతే. ఇది సీఓపీడీ. పొగ జబ్బు. మీ వయసు నలభై ఆరు. మీ ఊపిరితిత్తుల వయసు డెబ్బై ఎనిమిది."

అక్కకు అర్థం కాలేదు. "ఎవరివండీ డెబ్బై ఎనిమిది?" అంది.

"మీవే."

"నేను సిగరెట్టు ముట్టను కదండీ."

"ఇంట్లో ఎవరైనా తాగుతారా?"

ఎవరూ జవాబు చెప్పనక్కర్లేకపోయింది. బావ చొక్కా జేబులోంచి సిగరెట్ పెట్టె మూత తొంగిచూస్తోంది. డాక్టరు దానివైపు చూశాడు. నేనూ చూశాను. అక్క అందరికంటే చివర్న చూసింది. బావ చెయ్యి నెమ్మదిగా వచ్చి జేబు మీద ఆగింది, మూసుకోవడానికి కాదు, అక్కడ ఏదో దెబ్బ తగిలినట్టు.

"పోయిందేదో పోయింది. ఇది తిరిగి వచ్చేది కాదు. ఇంకా దిగజారకుండా ఆపుకోవడమే మన చేతిలో ఉంది" అన్నాడు డాక్టరు.

ఆటోలో ఇంటికి వచ్చాం. ఇంటి ముందు దిగాక బావ ఆ పెట్టెను మురుగుకాలవలో పడేశాడు. ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు, ఆ రోజుతో సరి. మళ్ళీ ముట్టుకోలేదు. కానీ అక్క కోపం అంత త్వరగా కాలవలో కొట్టుకుపోలేదు. బావ మంచం వరండాలోకి వచ్చింది. ఆయన బట్టలు వేరే బకెట్‌లో నానేవి. మాటకి మాట వస్తే చాలు, "నా ఊపిరి తాగేశావు కదయ్యా" అనేది. ఆయన తల వంచుకునేవాడు. వీధిలో మేమూ తక్కువ తినలేదు. రిటైరయ్యాక బావ మెట్లెక్కుతూ పెదాలు సున్నాలా చుట్టి, ఈల వేసినట్టు ఉఫ్‌మని ఊదుతూ వచ్చేవాడు.

"నోట్లో సిగరెట్ లేదని ఆయన పెదాలకి ఇంకా ఎవరూ చెప్పలేదు" అనేవాణ్ణి నేను.

"చెప్పకు. మళ్ళీ గుర్తొస్తుంది" అనేది అక్క.

బావ కూడా నవ్వేవాడు. అలా ఆరేళ్ళు గడిచాయి.

అక్క తన పనికి తానే గడువు పెట్టుకుంది. తగ్గేదే తప్ప పెరిగేది లేని ఊపిరి గనుక, చేతిలో వణుకు రాకముందే కొట్టు మూసేయాలనుకుంది. తప్పుడు అతుకు ఒక్కటి వేసి మూయడం ఆమెకు ఇష్టం లేదు. అప్పటికే ఒక అతుకుకీ ఇంకో అతుకుకీ మధ్య గాలి కోసం ఆగుతోంది. "వానలు వెళ్ళేదాకా చేస్తాను. తర్వాత ఈ బల్ల నువ్వు తీసుకుపో, వైర్లు కోసుకోవడానికి పనికొస్తుంది" అని నాతో అంది. ఆమె బల్ల మీద నేను వైర్లు కోయడమా!  ఏదో జోకు వేసి బయటికి వచ్చేశాను.

అలాంటప్పుడు వేరే ఊళ్ళో ఉన్న వాళ్ళ పెద్దక్క జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. చూసుకోవడానికి అక్క ఒక్కతే వెళ్ళింది, రెండు వారాలు. వెళ్ళిన తొమ్మిదో రోజున చెవి యంత్రం ఒకటి వెతకడానికి ఆమె గది తెరిచాను. బల్ల మీద, ఐరన్ పక్కన, ఆమె పంపు ఉంది.

 ఆ పంపు లేకుండా ఆమె వీధి చివరికి కూడా వెళ్ళదు. వెంటనే ఫోన్ చేశాను.

"అక్కా, పంపు ఇక్కడుంది!"

అటునుంచి సంచి తెరిచిన చప్పుడు వచ్చింది.

"అక్కడా? సంచిలో ఉందనుకున్నాను" అంది.

"తొమ్మిది రోజులైంది! ఎలా ఉన్నావు?"

"బాగానే ఉన్నానురా. అసలు..." మాట ఆపింది. ఈసారి గాలి కోసం కాదు. "అసలు నేను దాన్ని వెతకనేలేదు."

తిరిగి వచ్చిన రోజు మామూలుగా మెట్లెక్కింది. మర్నాడు బల్ల ముందు కూర్చుంది. ఆ సాయంత్రానికి గోడ అవతలనుంచి ఆ పాత దగ్గు నాకు వినిపించింది. నేను వెళ్ళేసరికి ఐరన్ స్టాండులో పెట్టి, పంపు చేతిలో పట్టుకుని దాన్నే చూస్తోంది.

"ఈ ఇంట్లో సిగరెట్ కాలి ఆరేళ్ళయింది కదరా? మరి ఈ ఇంటికి రాగానే నాకు ఏమవుతోంది?"

ఈసారి అక్కా నేనూ ప్రభుత్వాస్పత్రికి వెళ్ళాం. ఛాతీ విభాగం రెండో అంతస్తు. అక్కడున్నది చిన్న వయసు డాక్టరమ్మ. పాత కాగితం చూసింది, పక్కన పెట్టింది. ఆమె అడిగిన తీరు చూసి నాకు మా పని గుర్తొచ్చింది. మంచి మెకానిక్ సెట్టు విప్పకముందు ఇలాగే అడుగుతాడు. ఎప్పుడు మొదలైంది? పొద్దున ఎక్కువా, సాయంత్రమా? కఫం పడుతుందా? చిన్నప్పుడు ఆయాసం ఉందా? ఏ రోజు బాగుంటుంది? ఏ రోజు బాగుండదు? చివరి ప్రశ్నకి అక్క ఆ రెండు వారాల సంగతి చెప్పింది. డాక్టరమ్మ కలం ఆగింది.

"ఈ పాత పరీక్ష రోజు పంపు పీల్చి వెళ్ళారా?"

"పీల్చానండీ. శుభ్రంగా నాలుగుసార్లు. దగ్గుతో వెళ్తే బాగోదు కదా అని."

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "అమ్మా, ముందే మందుతో తెరిచిన గొట్టాన్ని మళ్ళీ మందుతో తెరిస్తే ఇంకేం తెరుచుకుంటుంది? అప్పుడెంతో ఇప్పుడూ అంతే ఉంటుంది. ఆ కాగితం ఏమీ చెప్పలేదు. ఏదో చెప్పిందని అందరూ అనుకున్నారు."

అక్క నావైపు తిరిగింది. తప్పున్న సెట్టుని తానే తాత్కాలికంగా పలికించి, చెక్ చేసేవాడి చేతిలో పెట్టినట్టయింది. ఆ పని ఇంకెవరైనా చేసి ఉంటే వాళ్ళని బల్ల దగ్గరికి రానిచ్చేది కాదు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

ఆ రోజు కూడా పీల్చే వచ్చింది కనుక పరీక్ష చేయలేదు. డాక్టరమ్మ ఊదే మీటరు ఒకటి చేతికిచ్చింది. ప్లాస్టిక్ గొట్టం, పక్కన అంకెలు, ఊదితే ముల్లు జరుగుతుంది. రోజుకి నాలుగుసార్లు ఊది రాసుకోమంది. రెండు వారాలు మామూలుగా పని, ఒక వారం కొట్టు మూత, మళ్ళీ ఒక వారం పని. మందులు అవే, మార్చొద్దంది. పంపు తప్పనిసరైతే ఊదాకే పీల్చమంది.

మీటరు చేతికిస్తే అక్కకి ఇంకేం కావాలి! గళ్ళ పుస్తకం కొంది. ఊదిన ప్రతిసారీ అంకె, గంట, ఆ పూట చేసిన పని రాసింది. చుక్కలు పెట్టి గీత కలిపింది. పని చేసిన రోజుల్లో పొద్దున మూడు వందలు, సాయంత్రం రెండు వందల పది. గీత రంపంలా ఉంది. కొట్టు మూసిన వారం ఆ రంపం పళ్ళు అరిగిపోయి, గీత మెల్లగా పైకెక్కి మూడు వందల నలభై దగ్గర ఆగింది.

"కొట్లో ఏదో ఉంది" అంది అక్క. "దుమ్ము కావచ్చు. కిటికీ దగ్గర బూజు కావచ్చు. ఏదో తేలాలి."

తేల్చడానికి ఆమెకు తెలిసిన దారి ఒక్కటే. అనుమానం ఉన్నవన్నీ తీసేసి, ఒక్కొక్కటే మళ్ళీ పెట్టి చూడటం. డాక్టరమ్మ అలా చేయమని చెప్పలేదు. నాకూ చెప్పకుండానే మొదలుపెట్టింది. నాలుగో వారం సోమవారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే గదిలో, అదే కుర్చీలో కూర్చుంది. సెట్లు విప్పింది, దుమ్ము దులిపింది, మీటరు పెట్టి చూసింది. ఐరన్ మాత్రం ప్లగ్గులో పెట్టలేదు. సాయంత్రం ముల్లు మూడు వందల ముప్పై. దుమ్ము కాదు, బూజు కాదు.

మంగళవారం వరండాలోకి వెళ్ళి బావతో అంది, "ఏమయ్యా, ఒక సిగరెట్ తెచ్చి నా పక్కన ముట్టించు. చూద్దాం."

బావ మొహం పాలిపోయింది. "చచ్చినా ముట్టను. నన్ను పరీక్ష పెడుతున్నావా?"

"నిన్ను కాదు, నన్ను."

"అయినా సరే ముట్టను" అని చెప్పులేసుకుని కిందికి దిగిపోయాడు.

బుధవారం సాయంత్రం అయిదింటికి గోడ అవతలనుంచి ఐరన్ వేడెక్కిన వాసన వచ్చింది. గంటసేపు పని చేసింది. ఫ్యాను లేదు, కిటికీ మూత, ముఖం జానెడు దూరంలో. ఎప్పటిలాగే. ఆరు గంటలకి గోడ మీద కొట్టింది.

"వైండింగూ, ఒకసారి రా."

వెళ్ళాను. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. చేతిలో మీటరు. ముల్లు రెండు వందల అయిదు. ప్లగ్గు పీకిన ఐరన్ ఇంకా చల్లారలేదు, మొన దగ్గర పేస్టు సన్నగా పొగలు కక్కుతోంది. ఆమె ఆ పొగను చూస్తోంది. ఇంట్లో పెంచుకున్న కుక్క కరిచినట్టు చూస్తోంది.

పంపు తీసి ఆమె చేతిలో పెట్టాను. పీల్చింది. చాలాసేపటికి ఊపిరి అందింది.

"ఆయన కాదురా" అంది.

 ఆ వాసన నాకూ ఇష్టమే. ఇరవై ఏడేళ్ళు గోడ అవతలనుంచి పీలుస్తూ, అక్క పనిలో ఉందని ధైర్యంగా ఉండేవాణ్ణి. ఫ్యాను ఆపింది ఆమె. కిటికీ మూసింది ఆమె. మంచి అతుకు కోసం చేసిన ప్రతి జాగ్రత్తా ఆ పొగని ఆమె ముక్కులోకే తోలింది.

మెట్లెక్కి పైకి వెళ్ళింది, వెనకే నేనూ. బావ వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"నువ్వు కాదయ్యా" అంది.

ఆయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు. "ఏది నేను కాదు?"

"నా దగ్గు. నా ఐరన్ పొగ అది. నువ్వు కాదు."

 ఆరేళ్ళు మోసినవాడికి దించమంటే ఎక్కడ దించాలో తెలియనట్టుంది. చివరికి, "అయితే నా బట్టలు నీ బకెట్‌లో వేయొచ్చా?" అన్నాడు. నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. చాలాసేపు దగ్గాడు. మేమిద్దరం అది ఏడుపు అనుకుని మొహాలు పక్కకి తిప్పుకున్నాం.

రెండు రోజుల తర్వాత ముగ్గురం మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళాం. ముందురోజు నుంచి అక్క పంపు ముట్టలేదు, ఐరన్ దగ్గరికి పోలేదు. లిఫ్ట్ పని చేయడం లేదు. అక్క నాతో పాటు మెట్లెక్కి పైకి చేరింది. బావ వెనకబడ్డాడు.

ముందు అక్కచేత ఊదించారు. తక్కువ. మందు పీల్పించి పావుగంట తర్వాత మళ్ళీ ఊదించారు. తెర మీద గీత మొదటిదాన్ని వదిలేసి దూరంగా పైకి పోయింది. డాక్టరమ్మ కాగితాన్ని అక్కవైపు తిప్పింది.

"చూశారా, తెరుచుకుంది. మీది ఆస్తమా అమ్మా. పనిలోంచి వచ్చిన ఆస్తమా. ఆ పేస్టు బంక కాలితే వచ్చే పొగ మీకు పడటం లేదు."

"ఆరేళ్ళ కిందట డెబ్బై ఎనిమిది అన్నారండీ."

"ఆ అంకె మర్చిపోండి. రోజూ పీల్చే వేరే మందు ఇస్తాను, లోపలి వాపు తగ్గించేది. ఆ పొగకి దూరంగా ఉంటే చాలావరకు తిరిగి రావచ్చు. ఎనిమిదేళ్ళు ఆలస్యమైంది కాబట్టి అంతా వస్తుందని మాట ఇవ్వను." తర్వాత గళ్ళ పుస్తకం తెరిచి బుధవారం పేజీ చూసింది. మొహం మారిపోయింది. "ఇదేమిటి? ఒంటరిగా గదిలో కూర్చుని కావాలని పీల్చారా? ఊపిరి ఆగిపోతే ఎవరు దిక్కు?"

"ఒక్కొక్కటే మార్చి చూడకపోతే ఎలా తేలుతుందండీ?"

"మీరు రేడియో కాదు! రేడియో ఆగిపోతే మళ్ళీ విప్పొచ్చు. ఇంకోసారి చేస్తే నేను మిమ్మల్ని చూడను."

అక్క బడిపిల్లలా తల ఊపింది. ఆమెను అంత గట్టిగా తిట్టినవాళ్ళని నేను అదే చూడటం. అప్పుడే తలుపు బయట, మెట్ల వైపు నుంచి ఆ ఈల వినిపించింది. ఉఫ్... ఉఫ్... డాక్టరమ్మ తల ఎత్తింది.

"ఎవరది?"

"మా ఆయనండీ" అంది అక్క, చాలా రోజుల తర్వాత ముద్దుగా. "సిగరెట్ మానేశాక నోటికి ఏదో పని కావాలి కదా. ఈల వేస్తుంటాడు."

నేను నవ్వాను. డాక్టరమ్మ నవ్వలేదు. లేచి గుమ్మం దాకా వెళ్ళింది. బావ మెట్ల కటకటాలు రెండు చేతులా పట్టుకుని వంగి నిలబడి ఉన్నాడు. పెదాలు సున్నాలా చుట్టుకుని ఉన్నాయి. మెడ దగ్గర నరాలు తాళ్ళలా తేలాయి. ఆయన అలా నిలబడటం నేను వందసార్లు చూశాను. మొదటిసారి చూసినట్టు అనిపించింది.

"అది ఈల కాదమ్మా" అంది డాక్టరమ్మ. "లోపలి గాలి బయటికి పోవడం లేదు. పెదాలు బిగించి ఊదితే కాస్త తేలిగ్గా పోతుంది. ఎవరూ నేర్పకుండానే ఒళ్ళు ఆ ఉపాయం కనిపెట్టుకుంటుంది. ఎన్నాళ్ళ నుంచి?"

 మా జోకుకి ఎన్నేళ్ళో లెక్క వేసుకుంటున్నాను నేను.

బావని కూర్చోబెట్టి ఊదించారు. ఊదుతూనే ఉన్నాడు. అక్క ఊదితే టక్కున లేచిన గీత, ఆయనకి నేల మీద పాకినట్టు పాకింది.

"ఈరోజు పంపు ఏదైనా పీల్చారా?" డాక్టరమ్మ ఈసారి ముందే అడిగింది.

"ఈరోజు లేదు." బావ నేలచూపు చూశాడు. "పోయిన నెల ఈవిడ ఊరెళ్ళినప్పుడు బల్ల మీద కనిపిస్తే రెండు మూడుసార్లు పీల్చాను. పెద్ద తేడా లేదండీ."

అక్క కుర్చీ చేతిని పట్టుకుంది.

మందు పీల్పించి, పావుగంట ఆగి, మళ్ళీ ఊదించారు. రెండో గీత మొదటి గీత మీదే పడింది. తెర మీద రెండు గీతలున్నాయని చెప్తే తప్ప తెలియదు.

"పొద్దున్నే దగ్గు, కఫం ఉంటాయా?"

"బస్సు నడిపే రోజుల నుంచీ ఉందండీ. పది పన్నెండేళ్ళు."

"ఎవరికీ చెప్పలేదా?"

బావ అక్కవైపు చూడలేదు. "ఎలా చెప్పనండీ? ఆవిడ ఊపిరి నేను తాగేశానని ఇంట్లో అనుకుంటుంటే, నాకూ ఆయాసంగా ఉందని చెప్పుకోవడానికి మొహం ఉండాలి కదా. వరండాలో పడుకుంటే దగ్గు లోపలికి వినపడదు. అదే నయమనిపించింది."

గదిలో ఫ్యాను తిరుగుతోంది.  డాక్టరమ్మ పాత కాగితాన్ని, ఇప్పుడు యంత్రంలోంచి వచ్చిన కాగితాన్ని పక్కపక్కన పెట్టింది. సీఓపీడీ, పొగ వల్ల, తిరిగి రానిది. ఆరేళ్ళుగా అక్క పేరు మీద ఉన్న మాటలన్నీ బావవి. ఒకే ఇల్లు, ఒకే దగ్గు, రెండు వేరే జబ్బులు. మేం ఒకదాన్నే విన్నాం, దాన్నీ తప్పుగా విన్నాం.

"నాకు..." అంది అక్క.  మళ్ళీ మొదలుపెట్టింది. "వీధి మలుపులో మోగే సెట్టు గొణుగుడు విని కండెన్సర్ పోయిందని చెప్తానండీ నేను. అందరూ మెచ్చుకుంటారు. ఈయన రోజూ నా నెత్తి మీద పద్దెనిమిది మెట్లు ఎక్కుతుంటే..."

పూర్తి చేయలేదు. బావే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నేను చెప్పలేదు కదే" అన్నాడు.

"చెప్పనిచ్చానా?"

డాక్టరమ్మ బావతో మెల్లగా అంది, "మీది ఆవిడలా తెరుచుకోదు. కానీ ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. మందులున్నాయి, నడక ఉంది, ఊదే పద్ధతి సరిగా నేర్పిస్తాం. ఒక సంగతి వినండి. ఆరేళ్ళ కిందట ఆ కాగితం చూసి మీరు సిగరెట్ మానకపోయి ఉంటే, ఈరోజు ఈ మెట్లు ఎక్కేవారు కాదు."

తప్పుడు కాగితమే ఆయన్ని నిలబెట్టింది. మెట్లు దిగేటప్పుడు అక్కా నేనూ ఆయన అడుగుతో అడుగు కలిపి నడిచాం.

ఇది జరిగి అయిదు నెలలు. అక్క కొట్టు మూయలేదు. ఐరన్ మాత్రం ముట్టదు. తప్పు ఎక్కడుందో పట్టి, బోర్డు మీద ఎర్రచుక్క పెడుతుంది. అతికే పని నా గదిలో, తలుపు మూసి, పొగను బయటికి లాగే ఫ్యాను పెట్టుకుని నేను చేస్తాను. పొగంతా పోయాక, మర్నాడు గాజుబిళ్ళ పెట్టి చూస్తుంది.

"ఇది అతుకా, పిట్ట రెట్టా?" అంటుంది. "మళ్ళీ చెయ్యి."

చేస్తాను. మోటారు తీగలు చుట్టిన మొద్దు చెయ్యి నాది. పదింటిలో మూడు వెనక్కి వస్తున్నాయి. మొదట్లో ఏడు వచ్చేవి. అక్క సాయంత్రం ముల్లు ఇప్పుడు మూడు వందల డెబ్బై. ఆమె గదిలో అట్టముక్క తీసేశారు. మొదటిరోజు బావ స్విచ్చి నొక్కితే రెక్కల మీది ఇన్నేళ్ళ దుమ్ము ముగ్గురి మీదా పడింది. అక్క ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తింది, ఆయన్ని తిడుతూ.

సాయంత్రం ఆరింటికి ఇద్దరూ నడిచి వచ్చి మెట్లెక్కుతారు. అక్క ఆయన పక్కనే ఒక్కో మెట్టూ లెక్కపెడుతుంది. తొమ్మిదో మెట్టు దగ్గర ఆపుతుంది.

"ఊదు" అంటుంది. "తొందర లేదు. మొత్తం పోనీ."

ఆయన పెదాలు చుట్టి ఊదుతాడు. ఆ వేళకి నేను మోటార్లు చుట్టే నా యంత్రం ఆపేస్తాను. పదో మెట్టు మీద అడుగు పడిన చప్పుడు వినిపించాక మళ్ళీ వేస్తాను.